అమ్మకమునకు వచ్చిన ఆశ్రయము

పెన్సిల్వేనియా రాష్ట్రపు తూర్పు సరిహద్దున, డెలావేర్ నది పడమటి గట్టును ఆనుకొని, నార్తాంప్టన్ అను కౌంటీ యొకటి కలదు. దక్షిణమున బెత్లెహేమ్ పట్టణపు ఉక్కు కొలుములు, ఉత్తరమున బ్యాంగర్, పెన్ ఆర్గిల్ ఊళ్ళ పలకరాతి గనులు, నడుమ నజరెత్ ప్రాంతపు సిమెంటు కర్మాగారములు. వీనిని నమ్ముకొని సముద్రములు దాటి వచ్చిన శ్రామిక కుటుంబములు తరతరములుగా అచ్చట జీవించినవి. బెత్లెహేమ్‌లో ఉక్కు కరగించుట 1995లో ఆగిపోయినది. 2001లో ఆ మహాసంస్థ దివాలా ప్రకటించినది. 2003లో, ముప్పది నలువది యేండ్లు కొలిమి వేడికి ఒడ్డిన దేహములతో విశ్రాంతి పుచ్చుకొన్న వేలాది కార్మికులకు సంస్థ కల్పించుచుండిన ఆరోగ్యబీమాయు రద్దయినది. కొలిమి చల్లారినంతమాత్రమున దాని యెదుట నిలిచిన మనుష్యుడు అంతరింపడు గదా! అతని వార్ధక్యము మిగిలియే యుండును. వంగని మోకాలు, నిండని ఊపిరి, తొలగిపోవు జ్ఞాపకము, అతనికంటె ముందో వెనుకో మంచము పట్టు ఇల్లాలు, అన్నియు మిగిలియే యుండును. ఈ మిగిలినదానిని ఎవరు భరింపవలెనను ప్రశ్న పరిశ్రమాధిపతుల సభలలో తేలక, న్యాయస్థానముల దివాలా లెక్కలలో తేలక, తుదకు ఒక స్థానిక పరిపాలక సభ బల్లమీదికి వచ్చి చేరినది.

ఆ కౌంటీకి అప్పర్ నజరెత్‌లో గ్రేస్‌డేల్ అను వృద్ధ శుశ్రూషాలయము కలదు. మన పట్టణములలో కాన్పులకును శస్త్రచికిత్సలకును పోవు నర్సింగ్ హోమ్ వంటిది కాదది. మంచము దిగలేనివారు, కన్నబిడ్డల ముఖములు గుర్తింపలేనివారు, అన్నపుముద్దను నోటికి అందించుటకు మరియొక చేయి కావలసినవారు, బ్రతికినన్నాళ్ళు వసించు చోటు. పడకలు దాదాపు 700. దానికి యజమాని ఏ వర్తకుడును గాడు, ఏ మతసంస్థయు గాదు, కౌంటీ ప్రజలే. 2010లో కౌంటీ కార్యనిర్వాహకాధిపతియైన జాన్ స్టోఫా దీనిని విక్రయించుట మేలని ప్రతిపాదించెను. ఆయన ప్రజాసంక్షేమము నెరుగనివాడు గాడు. ఎన్నికలకు పూర్వము సాంఘిక సేవాశాఖలను స్వయముగా నడిపినవాడు. అట్టివాడే ఇంక సాగదని పలికినప్పుడు ఆ మాటను నిర్దయయని కొట్టివేయుట న్యాయము గాదు.

ఆ పక్షమువారి వాదము నిట్లు చెప్పవచ్చును. శుశ్రూషాలయములో నున్నవారిలో అత్యధికుల ఖర్చును మెడికెయిడ్ అను ప్రభుత్వ పథకము చెల్లించును. కాని ఆ చెల్లింపు వాస్తవవ్యయమునకు చాలదు. ప్రభుత్వోద్యోగులగుటచేత అచ్చటి సేవకులకు పింఛనులు, బీమాలు, మెరుగైన జీతములు ఈయవలసియున్నది. భవనములు పాతబడినవి, బాయిలర్లు మార్చవలెను, లిఫ్టులు బాగుచేయవలెను. ఏటేట ఏర్పడు లోటును ఆస్తిపన్నునుండి పూడ్పవలెను. ఆ పన్ను కట్టువారిలో, ఉన్న యొక్క ఇల్లు తప్ప వేరాధారము లేని ముసలి వితంతువులును కలరు. కౌంటీకి చెరసాలలు, న్యాయస్థానములు, వంతెనలు, దిక్కులేని బిడ్డల సంరక్షణ మున్నగు బాధ్యతలు ఇంకెన్నియో కలవు. లక్షలమంది పన్నుదారులు కొన్నివందల మందికొరకు ఈ భారమును మోయనేల? ప్రైవేటు సంస్థలు అదే పనిని చేయుచుండగా, అదే పథకమునుండి సొమ్ము పుచ్చుకొనుచుండగా, పాలకులకు ఈ వ్యాపారమేల?

ఇవి తేలికగా త్రోసిపుచ్చదగిన మాటలు గావు. ఆ వితంతువు ప్రశ్న నన్నిప్పటికిని వదలలేదు.

అయినను ప్రజలు వేరొక తీరున యోచించిరి. కౌంటీ రాజ్యాంగపత్రము వారికి ఒక అధికారము నిచ్చియుండెను: తగినన్ని సంతకములు సేకరించినచో ఒక ప్రతిపాదనను ఎన్నికపత్రముమీదికి తేవచ్చును. రోగుల కుటుంబములవారు బల్లలు వేసికొని వేలకొలది సంతకములు సేకరించిరి. అవి చెల్లవని వ్యాజ్యము నడచినది. న్యాయస్థానము అర్జీ చెల్లునని తేల్చినది. 2011 మే 17వ తేదీన ఓటర్లు, ఇంచుమించు నలుగురిలో ముగ్గురు, గ్రేస్‌డేల్‌ను అయిదేండ్లవరకు అమ్మరాదని తీర్పు చెప్పిరి. ఆ ఓటు వేసినవారిలో అత్యధికులకు ఆ భవనములో బంధువు లెవ్వరును లేరు; లేకున్నను వేసిరి.

ఈ వృత్తాంతము నా మనస్సును పట్టుకొనుటకు స్వవిషయము కొంత కారణము. మా నాయనమ్మ పక్షవాతముతో సంవత్సరములకొలది మంచమునందే యుండినది. వీపున పుండు పడకుండ రాత్రి పలుమారులు ఆమెను ప్రక్కకు త్రిప్పవలెను. త్రిప్పినది మా అమ్మ. గొంతులో పొరపోకుండ గంజిని చెంచాతో పోయవలెను. పోసినది మా అమ్మయు మేనత్తయు. ఊరిలో ఎల్లరును మా యింటి కుటుంబధర్మమును ప్రశంసించిరి. ఆ ధర్మము ఎవరి నడుములమీద నిలిచినదో మాత్రము ఎవ్వరును అడుగలేదు. ఆ కాలమున మా అమ్మకు వచ్చిన నడుమునొప్పి తుదివరకు పోలేదు. శుశ్రూష యనునది ప్రేమతో మాత్రమే జరుగునది కాదు. అది నేర్చిన చేతులును, విశ్రాంతి దొరకిన దేహములును, రాత్రి మేలుకొనుటకు వంతులును కోరు శ్రమ. ఇంటిలోనివారు చేసినచో దానికి వెలలేదు. వెలలేనిదాని నెవ్వరును లెక్కవ్రాయరు. అదే శ్రమ ఇల్లు విడచి ఒక సంస్థలోనికి వచ్చి, దానికొక జీతము, ఒక పింఛను ఏర్పడినంతనే అది ‘లోటు’ అను పేర పట్టికలో కనబడును. గ్రేస్‌డేల్ లెక్కలలో నాకు మొదట కనబడినది అదియే.

ఇట్టి కౌంటీ శుశ్రూషాలయముల పుట్టుక పురాతనమైనది, అంత సుందరమైనది గాదు. 1601లో ఎలిజబెత్ రాణి కాలపు ఇంగ్లండు శాసనము, దిక్కులేనివారిని పోషించు విధిని ఆయా గ్రామమండలముల పన్నులపై మోపెను. ఆ భావము వలసలతోపాటు అమెరికాకు చేరినది. 1824లో న్యూయార్కు రాష్ట్రము కౌంటీలు వ్యవసాయక్షేత్రములు కొని పేదల గృహములు కట్టవలెనని చట్టము చేసెను. ఇతర రాష్ట్రములును ఆ దారినే నడచినవి. వృద్ధులు, అంధులు, మతి చలించినవారు, అనాథశిశువులు, త్రాగుబోతులు, అందరును ఒక్క కప్పు క్రిందనే యుండిరి. చేతనైనవాడు పొలములో పనిచేయవలెను. అచ్చటికి పోవుట అవమానమనియే జనులు తలచిరి. ఆ గృహములను నేను కొనియాడుటలేదు. దుర్గంధము, చలి, నిరాదరణ వానియందు నిండియుండెనని ఆనాటి పరిశీలకుల నివేదికలు ఘోషించుచునేయున్నవి. కాని ఆ కఠినమైన రాతిగోడల నడుమ ఒక ప్రతిజ్ఞ యుండెను: ఈ కౌంటీలో పుట్టి పెరిగిన ఎవ్వడును వీధిలో చావరాదు, వానిని కొనిపోవుటకు మరెవ్వరును లేనిచో మేము కొనిపోదుము.

1935లో రూజ్‌వెల్టు ప్రభుత్వము సాంఘికభద్రతా శాసనమును చేసినప్పుడు ఈ పేదల గృహములను మూయించవలెనని దాని కర్తలు సదుద్దేశముతో ఒక నియమము పెట్టిరి: ప్రభుత్వసంస్థలో నివసించు వృద్ధునకు కేంద్రపు ద్రవ్యసహాయము చెందదు. వృద్ధుడు తన చేతికి వచ్చు సొమ్ముతో తన ఇంటనే గౌరవముగా బ్రతుకునని వారి ఆశ. కాని ఇంట చూచువారు లేనివాడు, మంచము పట్టినవాడు ఎచ్చటికి పోవును? కౌంటీ గృహమునకు పోయినచో సహాయము రద్దగును. ప్రైవేటు గృహమునకు పోయినచో రద్దు కాదు. ఆ యొక్క వాక్యమే దేశమంతటను ప్రైవేటు శుశ్రూషాలయములు మొలకెత్తుటకు వాన యైనది. 1950లో ఆ నిషేధమును సడలించిరి. అప్పటికే వ్యాపారము వేళ్ళూనినది. ప్రైవేటు వృద్ధాలయము ఏదో విపణి యొక్క సహజసామర్థ్యమువలన వెలసినదనియు, ప్రభుత్వాలయము పూర్వకాలపు శిథిలమనియు నేడు వాదించువారు ఈ చరిత్రను ఒక్కసారి చదువుట మంచిది. ఏది పెరిగినను ఏది క్షీణించినను శాసనకర్తల కలము పోటువలననే జరిగినది.

1965 జూలై 30వ తేదీన జాన్సన్ అధ్యక్షుడు మెడికేర్, మెడికెయిడ్ శాసనములపై సంతకము చేసెను. మెడికేర్ వృద్ధుల వైద్యమునకు. కాని ఆసుపత్రినుండి వచ్చిన పిమ్మట శుశ్రూషాలయపు ఖర్చును అది గరిష్ఠముగా 100 దినములే, అదియును నియమములతో, భరించును. ఆ పైన నెవరు? సొంతసొమ్ము. అది తరిగి తరిగి, అనేక రాష్ట్రములలో సుమారు 2,000 డాలర్లకు దిగిన పిమ్మట, అనగా జీవితమంతయు కూడబెట్టినది కరగి నిరుపేదయైన పిమ్మట, మెడికెయిడ్ వచ్చి చేయి పట్టుకొనును. అందుచేత మధ్యతరగతి కార్మికుడుకూడ, తుదిలో రెండుమూడేండ్లు మంచము పట్టినచో, పేదవాడుగనే మరణించును. ఇక ప్రైవేటు సంస్థల లెక్క సులభగ్రాహ్యము: మోకాలి శస్త్రచికిత్స చేయించుకొని మూడువారములు ఉండి నడచిపోవు మెడికేర్ రోగివలన లాభము; ఏండ్లకొలది కదలక, రాత్రి కేకలు వేయుచు, సేవికను కొట్టబోవు మెడికెయిడ్ రోగివలన నష్టము. మొదటివానికి ద్వారములు పలుచోట్ల తెరచియుండును. రెండవవాని కుటుంబమునకు ‘పడక ఖాళీ లేదు’ అను సమాధానము వచ్చును. అట్టివాడు తుదకు చేరు చోటు కౌంటీ గృహము.

కావున ఆ లోటు అనునది ఏమి? పాలనాదోషము కొంత యుండవచ్చును, ఉన్నచో దిద్దవలెను. కాని దానిలో పెద్దభాగము, ఇతరులు నిరాకరించినవానిని స్వీకరించుటవలన కలిగినది. నిరాకరింపకుండుటకు అయిన వ్యయము నష్టము గాదు. అదే ఆ సంస్థ చేసిన పని. వంతెన తన ఖర్చును తాను సంపాదించుకొనలేదని సభలు సాధారణముగ దానిని అమ్మకమునకు పెట్టవు. దారినడచువారందరును అందరికిని కనబడుదురు గనుక వంతెన విషయమున ఎవరికిని సందేహము కలుగదు. నాలుగుగోడల నడుమ మూలుగువారు కనబడరు గనుక వారి విషయమున సందేహము కలుగును. వ్యత్యాస మింతియే యని నాకు తోచుచున్నది.

అమ్మువారు అమ్ముచున్నదేమియని నేను పలుమార్లు ఆలోచించితిని. గోడలు, పడకలు, భూమి, లైసెన్సు. ఇవి పత్రములో వ్రాయబడును. వానితోపాటు పత్రములో వ్రాయబడనిది మరియొకటి చేతులు మారుచున్నది. కాదు, మారుచున్నది గూడ గాదు, అంతరించుచున్నది. కొన్నవానికి భవనము లభించును గాని ఎవ్వరిని త్రోసివేయరాదను విధి లభింపదు. అతడు దానిని కొనుటలేదు. విక్రయపత్రములో ‘ఇన్నియేండ్లవరకు మెడికెయిడ్ రోగులను స్వీకరింతుము’ అని షరతు వ్రాయించుకొనిన సభలు కలవు. ఆ పని మంచిదే. అయినను షరతునకు గడువు కలదు, విధికి గడువు లేదు. మన దేశమున అన్నసత్రమునకు భూములు వ్రాసియిచ్చిన దాతలు వానిపై పెత్తనము చేయువారిని ధర్మకర్తలుగ నియమించిరే గాని యజమానులుగ నియమింపలేదు. అయిదేండ్ల లోటు చూపి సత్రపు భూమి నమ్మబోయిన ధర్మకర్తను ఊరు నిలదీసినది. కౌంటీ సభవారును నా దృష్టిలో ఆ తెగకు చెందినవారే. గ్రేస్‌డేల్‌ను ఆ సభవారు కట్టలేదు. దానిని ఆశించి నేడు పన్ను కట్టుచున్న నలువదియేండ్లవాడు, ముప్పదియేండ్ల తరువాత దాని తలుపు తట్టబోవువాడు, ఈనాటి సభలో మాటలాడలేడు. విక్రయమువలన వచ్చు సొమ్ము ఒకటి రెండు సంవత్సరముల బడ్జెట్టును నింపును. ఆ పిమ్మట సొమ్మును ఉండదు, తలుపును ఉండదు.

అదే రాష్ట్రమున పడమటి కొసను బీవర్ అను కౌంటీ కలదు. దానికి ఫ్రెండ్‌షిప్ రిడ్జ్ అను 589 పడకల శుశ్రూషాలయ ముండెను. 2014లో ఆ కౌంటీ దానిని ప్రైవేటు సంస్థకు అమ్మెను. పేరు మారి బ్రైటన్ అయినది. 2020 వసంతమున కోవిడ్ మహమ్మారి దేశమును కమ్మినప్పుడు ఆ యొక్క భవనములో 70 మందికి పైగా మరణించిరి. పెన్సిల్వేనియాలో అతి ఘోరమైన వ్యాప్తులలో నదియొకటి. దానిని నడపిన సంస్థ సిబ్బంది సంఖ్యను గూర్చి తప్పుడు లెక్కలు చూపినదని 2023లో ఫెడరల్ జ్యూరీ దోషనిర్ణయము చేసెను. ఈ కథను చెప్పి ఇక్కడనే ఆగిపోవుట నాకు సులభము. కాని అది సత్యమును సగము చెప్పుట యగును. అమ్మబడని గ్రేస్‌డేల్‌లోనుగూడ ఆ మహమ్మారి అనేకులను పొట్టనపెట్టుకొన్నది. ప్రజల యాజమాన్యము రోగక్రిమికి అడ్డుగోడ కాజాలదు. ప్రైవేటు ఈక్విటీ మదుపరులు కొన్న శుశ్రూషాలయములలో స్వల్పకాలపు మెడికేర్ రోగుల మరణములు సుమారు పదవవంతు అధికముగ నుండెనని 2021లో వెలువడిన ఆర్థికశాస్త్రజ్ఞుల పరిశోధన యొకటి చెప్పినది. అదియు ఒక జాతి యజమానులను గూర్చి మాత్రమే చెప్పినది గాని అందరిని గూర్చి గాదు.

అయినచో వ్యత్యాస మేమి? చనిపోయినవాని కుమార్తె ఎవరిని అడుగవలెనను చోట వ్యత్యాస మున్నదని నేననుకొందును. కౌంటీ గృహమైనచో ఆమె మరుసటి సభాదినమున పోయి, ఎదుట కూర్చుండిన సభ్యులను పేరుపెట్టి పిలిచి, ‘ఆ రాత్రి మా తండ్రి అంతస్తులో ఎందరు నర్సు లుండిరి?’ అని అడుగవచ్చును. ఆ ప్రశ్న సభావివరణములో వ్రాయబడును. ఉత్తరము చెప్పనివాడు తరువాతి యెన్నికలో తిరిగి ఆమె ఇంటికే రావలెను. ప్రైవేటు గృహమునకు భూమి ఒక సంస్థది, నిర్వహణ మరియొక సంస్థది, సరుకులు ఇచ్చునది వేరొకటి, ఈ మూటి వెనుక నున్న యజమానులు ఒకరే యగుట తరచుగ కలదు. ఆ కుమార్తె ఏ తలుపు తట్టవలెను? న్యాయవాదిని పెట్టుకొనవలెను, పెట్టుకొనలేనిచో మౌనముగ నుండవలెను.

ప్రజలు ఎల్లప్పుడు నార్తాంప్టన్ ప్రజలవలెనే నిర్ణయింతురని నమ్మరాదు. ఇల్లినాయ్ రాష్ట్రమున షాంపేన్ కౌంటీవారికి అర్బానా పట్టణమున 243 పడకల శుశ్రూషాలయ ముండెను, భవనము క్రొత్తది. రాష్ట్రప్రభుత్వము బడ్జెట్టు లేకయే రెండేండ్లు నడచిన దుర్దినములవి. మెడికెయిడ్ దరఖాస్తులు నెలలకొలది తేలక, రావలసిన సొమ్ము రాక, సరుకు లిచ్చినవారికి బాకీలు పేరుకొన్నవి. 2017 ఏప్రిల్‌లో ఓటర్లను రెండు ప్రశ్న లడిగిరి: దానిని నిలుపుటకు ఆస్తిపన్ను పెంచుదుమా? దానిని అమ్ముటకు సభకు అధికార మిత్తురా? మొదటిదానికి కాదనిరి, రెండవదానికి ఔననిరి. 2019లో విక్రయము ముగిసినది. ఈ ఓటర్లు హృదయహీనులు, ఆ ఓటర్లు దయామయులు అని నేను వ్రాయజాలను. నార్తాంప్టన్‌లో ‘అమ్ముదుమా?’ అని మాత్రమే అడిగిరి. పన్నుమాట ఆ ప్రశ్నలో లేదు. షాంపేన్‌లో పన్నును విడిగా అడిగిరి. దయను ఒక కాగితముమీదను, దాని వెలను మరియొక కాగితముమీదను అడిగినప్పుడు మనుష్యులు దయకు ఔననియు వెలకు కాదనియు చెప్పుట సహజము.

ప్రభుత్వగృహము లేనిచోట భారము మరల కుటుంబముమీదికే జారును. పెన్సిల్వేనియాలో ఆ ఎలిజబెత్ కాలపు భావమునుండి దిగివచ్చిన శాసన మొకటి ఇంకను జీవించియున్నది: నిర్ధనులైన తల్లిదండ్రుల పోషణ బిడ్డల బాధ్యత. 2012లో ఆ రాష్ట్రపు సుపీరియర్ కోర్టు ఒక ప్రైవేటు శుశ్రూషాలయపు వ్యాజ్యములో, తల్లి విడిచివెళ్ళిన సుమారు 93,000 డాలర్ల బాకీని కుమారుడే చెల్లింపవలెనని తీర్పు చెప్పినది. ఆ కుమారుడు ఏ దోషమును చేయలేదు, ఏ ఒప్పందముమీదను సంతకము చేయలేదు. ఈ తీర్పు అమెరికాలో నివసించు మనవారు తెలిసికొనదగినది. తల్లిదండ్రులను గుంటూరునుండియో కరీంనగరమునుండియో గ్రీన్‌కార్డుపై తెచ్చుకొన్నవారికి మెడికెయిడ్ సాధారణముగా మొదటి అయిదేండ్లు లభింపదని 1996 నాటి శాసనము. ఆ అయిదేండ్లలో తండ్రికి పక్షవాతము వచ్చినచో? ఉద్యోగమునకు సెలవు పెట్టిన కుమార్తెయో కోడలో, మరల ఒక స్త్రీయే, రాత్రి ఆయనను ప్రక్కకు త్రిప్పవలసియుండును. పూర్వము చదువులకై పోయి అక్కడనే స్థిరపడిన వైద్యులు, ఇంజినీరులు నేడు తామే వృద్ధులై, శాకాహారభోజనము పెట్టి తెలుగుమాట అర్థము చేసికొను శుశ్రూషాలయ మెచ్చటనున్నదని వెదకుకొనుచున్నారు. కౌంటీసభలో ఈ చర్చ వచ్చినప్పుడు అది స్థానికుల గొడవయని మనవారు దూరముగ నుండుట తగదు. ఆ పన్ను వారును కట్టుచున్నారు, ఆ తలుపు వారికిని కావలెను.

స్వదేశమున 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము పంతొమ్మిదవ విభాగమున, జిల్లా కొకటి చొప్పుననైనను, కనీసము 150 మంది నిరుపేద వృద్ధులకు చాలునట్టి ఆశ్రమములు రాష్ట్రప్రభుత్వములు నెలకొల్పవచ్చునని వ్రాసియున్నది. నెలకొల్ప‘వచ్చును’, వలయునని గాదు. బిడ్డలపై విధి, ప్రభుత్వముపై ఐచ్ఛికము! విదేశములలోని బిడ్డలు డబ్బు పంపగల తల్లిదండ్రులకు మన పట్టణముల శివారులలో సౌకర్యవంతమైన గృహములు లేచినవి. బిడ్డలును డబ్బును లేని కూలి ముదుసలికి జిల్లా ఆసుపత్రి వరండాయే నేటికిని తరచుగ తుది మజిలీ. అక్కడ వారు కట్టినదానిని అమ్ముదుమా అని వాదించుకొనుచున్నారు. ఇక్కడ మనము ఇంకను కట్టవలసియున్నది. వారి వాదమును మనము శ్రద్ధగ వినవలసిన హేతువు నాకిదియే.

ప్రభుత్వగృహములన్నియు మంచివని నేను చెప్పుటలేదు. పడకలు తడిసి, భోజనములు చల్లారి, ఉద్యోగులు అలసి విసిగిన ప్రభుత్వాలయములు కలవు. నిలుపుకొందుమని ఓటు వేసి, పిమ్మట నర్సుల ఖాళీలు నింపక, కప్పు కారుచున్నను బాగుచేయక, నెమ్మదిగ కృశింపజేయు సభ, అమ్మినదానికంటె ఎక్కువ పాపమును మూటగట్టుకొనును. అమ్మినవాడు తాను చేసినది ఇదియని చెప్పనైన చెప్పును. ఏదేని కౌంటీకి నిజముగ శక్తి లేక, చేతులు మార్చియే తీరవలసి వచ్చినచో, ఎక్కువ వెల చెప్పినవానికిగాక ఎక్కువకాలము పేదలను స్వీకరింతునని పూచీపడినవానికి, వీలైనచో లాభాపేక్షలేని సంస్థకు ఇచ్చుటయు, షరతు తప్పినచో భూమి మరల కౌంటీకే చేరునట్లు పత్రములో వ్రాయించుటయు, ఏటేట బహిరంగసభలో ఆ సంస్థచేత లెక్క చెప్పించుటయు కనీసధర్మములు.

నార్తాంప్టన్ ఓటర్లు విధించిన అయిదేండ్ల గడువు 2016లో తీరిపోయినది. తీరిన పిమ్మటను గ్రేస్‌డేల్ కౌంటీ చేతిలోనే నిలిచినది. అయినను బడ్జెట్టు కాలము వచ్చినప్పుడెల్ల, ఏదో యొక కౌంటీలో, ఎవరో యొక సభ్యుడు ఈ ప్రశ్నను మరల లేవనెత్తుచునే యుండును. లేవనెత్తుటకు అతనికి హక్కు కలదు. నేను కోరునది యొక్కటే: దయను, వెలను విడదీయక, రెంటిని ఒక్క కాగితముమీదనే ప్రజల యెదుట పెట్టవలెను. ‘నిలుపుకొన్నచో సగటు ఇంటికి ఏడాది కింత పన్ను పడును, ఇల్లొకటే ఆధారమైన వృద్ధులకు దానిలో ఇంత మినహాయింపు నిత్తుము. అమ్మినచో ఆ పన్ను తప్పును. కాని ఏ గృహమును స్వీకరింపని రోగిని ఇకమీదట స్వీకరించు విధి ఈ కౌంటీలో ఎవ్వరికిని ఉండదు. మీకేది సమ్మతము?’ అని స్పష్టముగ అడుగవలెను. ఆ వితంతువునుగూడ ఆ ప్రశ్ననే అడుగవలెను. ఆమె పేర ఇతరులు సమాధానము చెప్పరాదు. ఆమె తన పన్నును తగ్గించుకొనుటకంటె తన మంచమును భద్రపరచుకొనుటకే మొగ్గు చూపునని నా నమ్మకము. అట్లుగాక, అంతయు తెలిసియు ప్రజలు విక్రయమునే కోరినచో నేను మిక్కిలి దుఃఖింతును గాని, మోసము జరిగినదని మాత్రము అనజాలను.